తొలి గుక్కకు ముందు

మౌసలపర్వమునందలి యాదవుల కథ తెలుగువారికి కొత్తది కాదు. ఋషులను పరిహసించి శాపము తెచ్చుకొన్నవారు ఆ వంశములోని పెద్దలు కారు, కుర్రవారు. సాంబునికి ఆడువేషము వేసి, గర్భిణియని మునుల యెదుట నిలిపి, పుట్టబోవునదేమో చెప్పుడని అడిగిరి. ఆ చిలిపితనమే కులనాశనమునకు విత్తనమైనది. శాపవార్త విని కలత చెందిన ద్వారకలో మద్యనిషేధము చాటింపబడెను. మద్యము తయారుచేసినవానిని బంధువులతో కూడ కొరత వేయుదురని ఆజ్ఞ. అంతకంటె కఠినమైన శాసనమును ఊహించుట కష్టము. అయినను తీర్థయాత్రకై ప్రభాసక్షేత్రమునకు పోయిన యాదవులు, ఊరు దాటిన వెనుక, కడుపార త్రాగిరి. త్రాగి పాతపగలు త్రవ్వుకొనిరి. సాత్యకి కృతవర్మ తల నరికెను. ఆ మీదట తండ్రి కొడుకును, కొడుకు తండ్రిని గుర్తింపక తుంగపరకలతో కొట్టుకొని కూలిరి.

ఆ భారతమునందే, ఆదిపర్వములో, కచుని బూడిదను సురలో కలిపి రాక్షసులు శుక్రాచార్యునికి త్రావించిన కథ కలదు. లోకమునకు నీతి చెప్పదగిన గురువు సైతము తాను త్రావుచున్నదేమో ఎరుగకపోయెను. తెలివి తెచ్చుకొన్న పిమ్మట ఆయన మద్యపానమును మహాపాతకముగా శాసించెను. ఈ రెండు కథలలో మద్యమునకు రెండు గుణములు చెప్పబడినవి. త్రాగునపుడు తాను త్రాగునదేమో తెలియదు. త్రాగిన పిమ్మట ఎదుటివాడెవడో తెలియదు. నేటి వైద్యశాస్త్రము ఈ మాటలనే కొలతలతో చెప్పుచున్నది.

కేంద్ర సాంఘిక న్యాయ మంత్రిత్వశాఖ కొరకు ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థ జరిపిన సర్వే ఫలితములు 2019లో వెలువడినవి. 10 మొదలు 75 ఏండ్ల వయసుగల భారతీయులలో 14.6 శాతము, అనగా సుమారు 16 కోట్లమంది, మద్యము పుచ్చుకొనుచున్నారని అందు తేలినది. వారిలో 5.7 కోట్లమంది ఆ అలవాటు వలన పరుల సహాయము కావలసిన స్థితికి వచ్చినవారు. మద్యమునకు బానిసలైనవారిలో ఏదో ఒక చికిత్స పొందినట్లు చెప్పినవారు 38 మందికి ఒక్కరు మాత్రమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారము 2019వ సంవత్సరమున ప్రపంచమందు 26 లక్షల మరణములకు మద్యము కారణమైనది. మద్యము పాలైన మరణముల నిష్పత్తి 20 మొదలు 39 ఏండ్ల వయసువారిలోనే అత్యధికమనియు, అది సుమారు 13 శాతమనియు ఆ నివేదిక చెప్పినది. ముసలితనమున శిక్షించునని అనుకొను అలవాటు యౌవనముననే ప్రాణము తీయుచున్నది.

చికిత్స ఇంత దుర్లభమైన దేశములో నివారణకే మొదటి పీట వేయవలెను. నివారణ యనగా తొలి గుక్కను ఆపుట. ఆపలేనిచోట దానిని ఏండ్ల తరబడి వాయిదా వేయుట. ఆ వాయిదాకు అంత విలువ ఎందుకనునది సీసాను, దేహమును రెండింటిని పరిశీలించిన బోధపడును.

సీసాలోని లెక్క

కొత్తగా త్రాగ కూర్చున్న కుర్రవాడు గ్లాసులను లెక్కించును గాని గ్లాసులోని సరకును లెక్కింపడు. మన ఊళ్లలో క్వార్టరు అని పిలుచు సీసానే తీసికొందము. అందు పట్టునది 180 మిల్లీలీటర్లు. విస్కీ, బ్రాందీ, రమ్ము ఏదైనను సీసా చీటీమీద సామాన్యముగా 42.8 శాతము అని ముద్రించియుండును. లెక్క కట్టినచో అందలి ఆల్కహాలు 77 మిల్లీలీటర్లు. తూకమున సుమారు 60 గ్రాములు. ఒకే విడతలో 60 గ్రాములు గాని, అంతకు మించి గాని పుచ్చుకొనుటను ప్రపంచ ఆరోగ్య సంస్థ అతిపానముగా పరిగణించుచున్నది. "నేను క్వార్టరు దాటను" అని మితము పాటించుచున్నట్లు చెప్పుకొను యువకుడు ప్రతి సిట్టింగులోను అతిపానపు గడప తొక్కుచున్నాడన్నమాట.

బీరు నీళ్లవంటిదని మరొక నమ్మకము. పెద్ద బీరుసీసాలో 650 మిల్లీలీటర్లుండును. స్ట్రాంగు అని అమ్ము రకములో ఆల్కహాలు 8 శాతమువరకు ఉండవచ్చును. ఆ లెక్కన ఒక సీసాలో 41 గ్రాములు. ఒకటిన్నర సీసా త్రాగినవాడు క్వార్టరు త్రాగినవానితో సమానుడు. దాహము తీర్చుకొనుటకు అన్నట్లు ఎండాకాలపు సాయంకాలమున రెండు సీసాలు పుచ్చుకొన్నవాడు వానిని మించినవాడు.

లోపలికి పోయిన ఈ ద్రవమును విరుగగొట్టు భారము ముఖ్యముగా కాలేయము మీద పడును. ఆ అవయవము గంటకు సుమారు 7 మొదలు 10 గ్రాముల మేరకు మాత్రమే ఆ పని చేయగలదు. క్వార్టరును అరిగించుకొనుటకు దానికి 6 మొదలు 9 గంటల కాలము కావలెను. రాత్రి 11 గంటలకు సీసా ముగించి పడుకొన్నవాడు తెల్లవారి 5 గంటలకు మోటారుసైకిలెక్కినచో వాని రక్తములో మద్యము ఇంకను మిగిలియుండవచ్చును. నిమ్మరసము, మజ్జిగ, చన్నీటిస్నానము, చిక్కని కాఫీ, వీనిలో ఏదియు ఆ గడియారమును తొందరపెట్టజాలదు. కాఫీ త్రాగినవానికి నిద్రమత్తు వదలవచ్చును. మద్యపు మత్తు వదలదు.

మోటారు వాహనముల చట్టము 185వ సెక్షను ప్రకారము 100 మిల్లీలీటర్ల రక్తములో మద్యము 30 మిల్లీగ్రాములు మించినచో వాహనము నడుపుట నేరము. 2019లో జరిగిన సవరణ అనంతరము తొలి తప్పునకే ఆరు నెలలవరకు జైలు గాని, పదివేల రూపాయల జుల్మానా గాని, రెండును గాని పడవచ్చును. అరువది కిలోల బరువుగల యువకుడు ఒక క్వార్టరు త్రాగిన గంటకు వాని రక్తములో ఆ హద్దునకు మూడు నాలుగు రెట్ల మద్యముండును. చేతి పటుత్వము తగ్గుటకు ముందే, అది తగ్గుచున్నదను తెలివిని మత్తు హరించును. కనుకనే త్రాగినవాడు తాను మునుపటికంటె బాగుగా నడుపుచున్నానని ప్రమాణము చేయును. వెనుకసీటు మీద కూర్చున్న మిత్రుడును త్రాగియుండుటచేత ఆ ప్రమాణమును నమ్మును.

పైకప్పు పడని ఇల్లు

పదునెనిమిదేండ్లకు ఓటుహక్కు వచ్చును. మీసము అంతకు ముందే వచ్చును. మెదడు మాత్రము ఈ తేదీలను పాటింపదు. కోరికను, ఉత్సాహమును పుట్టించు భాగములు యౌవనారంభముననే చురుకుదేరును. ముందువెనుకలు ఆలోచించుట, కోరికను బిగబట్టుట, ఫలితమును ఊహించుట అను పనులు చేయు నుదుటి వెనుక భాగము అన్నిటికంటె ఆలస్యముగా, ఇరువదియైదేండ్ల ప్రాంతమున గాని, పూర్తి పక్వతకు రాదు. గోడలు లేచి పైకప్పు పడని ఇంటిమీద కురిసిన వాన చేయు నష్టము, పూర్తయిన ఇంటిమీద కురిసిన వాన చేయదు. కుర్రవయసున మద్యము చేయు కీడు ఇట్టిది.

కొత్త సంగతులను జ్ఞాపకములుగా పదిలపరచు హిప్పోకాంపస్ అను భాగము మద్యమునకు మిక్కిలి సులభముగా లొంగును. అతిగా త్రాగిన కుర్రవాడు నడచును, మాటలాడును, పాటలు పాడును, ఫోనులో ఎవరితోనో పోట్లాడును. మరునాడు వానికి అందులో ఒక్క ముక్కయు గుర్తుండదు. ఆ రాత్రి ముచ్చట్లను చెప్పి స్నేహితులు నవ్వుదురు, వాడును నవ్వును. ఆ కొన్ని గంటలపాటు వాని మెదడులో ఒక గది తలుపులు మూసుకొన్నవని ఎవరికిని తోచదు. చదువుకొనువానికి ఇంతకంటె దగ్గరి నష్టము మరొకటి కలదు. మద్యము నిద్ర పట్టించునని పేరే గాని, నడిరాత్రి దాటిన పిమ్మట నిద్రను ముక్కలు చేయును. పగలు చదివినది నిద్రలోనే మనసున కుదురుకొనును. అందుచే శనివారపు సిట్టింగునకు సోమవారపు పాఠము మూల్యము చెల్లించును.

అమెరికాలో పెద్దయెత్తున జరిగిన జాతీయ సర్వే ఆధారముగా 1997లో వెలువడిన ఒక పరిశోధనలో, 15 ఏండ్లు నిండకముందే త్రాగుట మొదలిడినవారిలో సుమారు 40 శాతము జీవితమున ఎప్పుడో ఒకప్పుడు మద్యమునకు బానిసలైరని తేలెను. 20 ఏండ్లకు గాని అటుపిమ్మట గాని మొదలిడినవారిలో అట్టివారు సుమారు 10 శాతము. త్వరగా మొదలిడు పిల్లల ఇండ్లలో ఇతరమైన కష్టములును ఉండుట కద్దు గనుక, ఈ తేడాకంతకును వయసొక్కటే కారణమనరాదు. అయినను కష్టములున్న ఇంటి పిల్లవానికే ఆ వాయిదా మరింత అవసరమనుట స్పష్టము. ఆంధ్రప్రదేశములోను తెలంగాణములోను 21 ఏండ్లు నిండనివారికి మద్యమమ్ముట చట్టవిరుద్ధము. బెల్టుషాపు కిటికీ దగ్గర వయసు అడుగువాడు లేకపోవుట వేరు సంగతి.

ఆడపిల్లల విషయమున మరొక మాట చెప్పవలసియున్నది. స్త్రీదేహమున నీటిపాలు తక్కువ. అందుచే ఒకే బరువుగల అన్నయు చెల్లెలును ఒకే కొలత పుచ్చుకొన్నను చెల్లెలి రక్తములోనే మద్యపు సాంద్రత హెచ్చుగా ఉండును. సమానత్వమునకు గుర్తుగా గ్లాసు అందించు స్నేహబృందము ఈ శరీరధర్మమును మార్చజాలదు.

దేహము చెల్లించు వెల

కాలేయము ఓర్పుగల అవయవము. చాలకాలము నొప్పి తెలియనీయదు. అతిగా త్రాగువారిలో మొదట దానికి కొవ్వు పట్టును. ఈ దశలో మానినచో కొన్ని వారములలో అది మరల బాగుపడును. యువకునికి చెప్పదగిన శుభవార్త ఇది. మానని పక్షమున వాపు, పిమ్మట మచ్చలు, తుదకు రాయివలె గట్టిపడుట సంభవించును. కామెర్లు, పొట్టలో నీరు, రక్తపు వాంతులు ఆ తుదిదశ గురుతులు. ఇది అరువదేండ్లవారి జబ్బని అనుకొందురు. ముప్పదులలోనే ఈ స్థితికి వచ్చి ఆసుపత్రి చేరుట అరుదు కాదు. క్లోమము వాచినచో పైకడుపున పుట్టిన నొప్పి వీపులోనికి పొడిచినట్లుండి, ఒక్కొక్కప్పుడు ప్రాణాంతకమగును.

అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే మద్యమును మానవులకు నిశ్చయముగా క్యాన్సరు కలిగించు పదార్థముల పట్టికలో చేర్చినది. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, కాలేయము, పెద్దప్రేగు, స్త్రీల రొమ్ము దానికి గురియగు తావులు. చుట్ట, సిగరెట్టు, గుట్కా అలవాటున్నవానికి నోటి క్యాన్సరు, గొంతు క్యాన్సరు ముప్పు రెండు అలవాట్లను కూడినంత కాదు, హెచ్చవేసినంత పెరుగును. ఆరోగ్యమునకు హాని చేయని మోతాదు ఇంత అని చెప్పుటకు వీలులేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించినది.

మనసు చెల్లించు వెల కంటికి కనబడదు. ఉద్యోగము రాలేదను దిగులు, పరీక్ష తప్పిన అవమానము, ప్రేమ విఫలమైన బాధ తీరునని త్రాగిన యువకునికి ఆ గంటసేపు ఉపశమనము దొరకును. మద్యము స్వతహాగా మెదడును కుంగదీయు పదార్థము గనుక మరునాటి దిగులు మునుపటికంటె బరువెక్కును. దానికి మరల అదే మందు. కుంగిన మనసునకు ఆలోచనా నిగ్రహమును తీసివేయు ద్రవము తోడైనపుడు ఆత్మహత్యాప్రయత్నములు జరుగుట వైద్యులు నిత్యము చూచుచున్నదే.

నాటుసారాలోను కల్తీసరకులోను మరొక ప్రమాదము పొంచియున్నది. మిథనాల్ అను ద్రవము రంగునందు, వాసనయందు మద్యమునకు దగ్గరగా ఉండును. దేహములో అది ఫార్మిక్ ఆమ్లముగా మారి కంటినరమును కాల్చును. త్రాగిన కొన్ని గంటలకు గాని, మరునాటికి గాని చూపు మసకబారినట్లును, పొగమంచు కమ్మినట్లును అనిపించినచో ఒక్క నిమిషము ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్పవలెను.

ఆ రాత్రి చేయదగినది

అతిపానము వలన చచ్చిపోయిన యువకులలో కొందరిని మిత్రులు తెలిసియుండినచో బ్రదికించియుండవచ్చును. పందెము కట్టి నీళ్లు కలపక గటగట త్రాగినవాడు సొమ్మసిల్లి పడిపోవును. "నిద్రపోనీ మామా, పొద్దున్నే వాడే లేస్తాడు" అని తలుపు దగ్గరకు వేసి స్నేహితులు వెడలిపోవుదురు. కడుపులోని మద్యము అప్పటికింకను రక్తములో కలియుచునే యుండును. ఊపిరి నడపు మెదడుభాగము క్రమముగా మందగించును. వెల్లకిల పడుకొన్నవానికి వాంతి వచ్చినచో అది శ్వాసనాళమున అడ్డుపడును.

పిలిచినను గిల్లినను లేవకపోవుట, నిమిషమునకు ఎనిమిది సారులకంటె తక్కువగా ఊపిరి తీయుట, ఊపిరికిని ఊపిరికిని నడుమ పది సెకన్లు దాటుట, ఒళ్లు చల్లబడుట, పెదవులు నీలముదేరుట, మూర్ఛ వచ్చుట ప్రాణాపాయ చిహ్నములు. వీనిలో ఒక్కటి కనబడినను 108కి ఫోను చేయవలెను. బండి వచ్చులోపల వానిని ఒక ప్రక్కకు తిప్పి, మోకాలు మడిచి, తల కొంచెము వెనుకకు వంచి పడుకొనబెట్టవలెను. ఒంటరిగా విడువరాదు. బలవంతముగా వాంతి చేయించుట, నోట మజ్జిగ పోయుట, చన్నీళ్లు కుమ్మరించుట కూడదు. ఇంటివారు తిట్టుదురని, హాస్టలువారు పంపివేయుదురని దాచిపెట్టుట స్నేహధర్మము కాదు. తిట్లు వారము రోజులలో మాసిపోవును.

అంగడి మూసిన చేతులు

మద్యమును శాసనముతో ఎదిరించిన చరిత్ర తెలుగువారికి పొడవైనది. 1937లో రాజాజీ మంత్రివర్గము సేలము జిల్లాలో ఆరంభించిన నిషేధము 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు వచ్చెను. 1954 నవంబరులో ఆంధ్రరాష్ట్రపు తొలి మంత్రివర్గము, ప్రకాశము పంతులుగారి నాయకత్వమున నున్నది, కూలిపోయినది మద్యనిషేధ సమస్య మీదనే. నిషేధము సాధింప యత్నింపవలెనని రాజ్యాంగమునందలి 47వ అధికరణము రాష్ట్రములకు నిర్దేశించినది.

అన్నిటికంటె గొప్ప ఘట్టము నెల్లూరు జిల్లా దూబగుంటలో జరిగినది. 1990 తరువాత ఆ జిల్లాలో సాగిన అక్షరాస్యతా ఉద్యమపు వాచకములలో సారా వలన చితికిన సంసారముల కథలుండెను. రాత్రిబడిలో ఆ పాఠములు చదివిన స్త్రీలు పుస్తకము మూసి ఊరుకొనలేదు. ఊరి సారా అంగడిని మూయించిరి. వర్ధినేని రోశమ్మ వారికి ముందు నిలిచినది. 1992లో ఆ గాలి జిల్లా అంతటను, పిమ్మట రాష్ట్రమంతటను వీచినది. 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధింపబడెను. 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్యనిషేధము అమలునకు వచ్చెను. 1997లో అది సడలింపబడెను. అంగళ్లు మరల తెరచుకొనెను.

1997 తరువాత పుట్టినవారే నేటి యువకులు. వారికి దూబగుంట పాఠ్యపుస్తకములోని పేరు మాత్రమే. నాడు స్త్రీలు ఎదుర్కొన్న శత్రువు కంటికి కనబడునది: సారా పొట్లము, దానినమ్ము కంట్రాక్టరు, కూలిడబ్బులు తగులబెట్టి వచ్చు మగడు. నేటి యువకునికి మద్యము శత్రువు వేషమున రాదు. పుట్టినరోజు పండుగకు, వీడ్కోలు విందునకు, మొదటి జీతపు ట్రీటునకు ప్రాణస్నేహితుని చేతిమీదుగా వచ్చును. "ఒక్క పెగ్గే కదా మామా, ఏం కాదు" అనువాడు పగవాడు కాడు. సినిమాలో కథానాయకుడు బాధ కలిగినను సీసాయే, సంతోషము కలిగినను సీసాయే పట్టుకొనును. మద్యపు ప్రకటనలు టెలివిజనులో నిషిద్ధమైనవి గనుక అవే పేర్లతో సోడాను, మంచినీళ్లను ప్రకటింతురు. ద్వారకలో చాటించిన ఆజ్ఞ ప్రభాసమునందు చెల్లనట్లే, అంగడికి వేసిన తాళము ఈ గ్లాసును ఆపజాలదు.

ఖాళీ సాయంకాలములు

ఏ ఊరిలోనైనను కుర్రవానిని అడిగినచో సగము జవాబు దొరకును: సాయంకాలము ఆరు గంటలు దాటిన పిమ్మట పోవుటకు చోటు లేదు. ఈ ఖాళీని నింపుటయే నివారణగా పెట్టుకొన్న దేశమొకటి కలదు. నాలుగు లక్షల జనాభా నిండని ఐస్లాండులో 1998లో పదునైదు పదునారేండ్ల పిల్లలలో 42 శాతము, గడచిన నెలలో ఒకసారియైన మత్తెక్క త్రాగినట్లు ఒప్పుకొనిరి. 2016 నాటికి ఆ సంఖ్య 5 శాతమునకు దిగినది.

అక్కడివారు ఉపన్యాసములతో సరిపెట్టుకొనలేదు. ప్రతియేట బడిపిల్లలను పేర్లు అడుగక ప్రశ్నించి, ఏ పేటలో ఏమి జరుగుచున్నదో ఆ పేట తల్లిదండ్రులకు తెలియజేసిరి. ఆటలు, సంగీతము, చిత్రలేఖనము నేర్చుకొనుటకు పురపాలకసంఘమువారు పిల్లలకు సొమ్మిచ్చిరి. చీకటిపడిన పిమ్మట పిల్లలు వీథులలో తిరుగుటకు వేళలు నిర్ణయించిరి. తల్లిదండ్రులు వంతులవారీగా రాత్రివేళ పేటలో తిరిగిరి. మద్యము కొనుటకు 20 ఏండ్లు నిండవలెనను నియమమును నిజముగా పాటించిరి. ఆ చలిదేశపు పద్ధతులు మన ఊళ్లకు ఉన్నవియున్నట్లు అతుకవు. పిల్లల సాయంకాలము పెద్దల బాధ్యతయను సూత్రము మాత్రము ఎక్కడైనను అతుకును.

ఆ సూత్రము తెలుగునాటికి కొత్తది కాదు. 1914లో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగిననాడు, పల్లెపల్లెన ఒక పఠనమందిరముండవలెనని కోరినవారు పుస్తకములతోపాటు సాయంకాలములను గూర్చియు ఆలోచించినవారే. కోడి రామమూర్తినాయుడు విజయనగరమున వ్యాయామశాల పెట్టి కుర్రవారికి కసరత్తు నేర్పెను. కబడ్డీ బరి, వాలీబాలు వల, భజనమందిరము, నాటకసమాజము ఇవన్నియు ఊరి కుర్రకారునకు కూడు చోట్లు. ఇందులో అనేకము నేడు మూతపడినవి. పంచాయతీ మైదానమున రెండు దీపములు వెలిగించుటకు, గ్రంథాలయమును రాత్రి తొమ్మిది గంటలవరకు తెరచియుంచుటకు పెద్ద చట్టములు అక్కరలేదు.

ఇంటి గడపలో

ఇంటివద్దనే కొంచెము రుచి చూపించినచో పిల్లవాడు బయట అతిగా త్రాగడని కొందరు తండ్రులు నమ్ముదురు. ఆస్ట్రేలియాలో సుమారు 1,900 మంది పిల్లలను ఆరేండ్లపాటు గమనించిన పరిశోధన 2018లో వెలువడినది. తల్లిదండ్రులు స్వయముగా పోసిన మద్యము పిల్లలను కాపాడినట్లు అందు దాఖలా కనబడలేదు. అతిపానము, దానివలన కలుగు కీడు అట్టి పిల్లలలో ఎక్కువగానే కనబడెను. పండుగనాడు కొడుకుచేత సోడా తెప్పించుకొను తండ్రి, తాను ఏమియు నేర్పుట లేదనుకొనును. కొడుకు సోడాతోపాటు అన్నియు చూచును.

అర్ధరాత్రి తూలుచు వచ్చిన కొడుకును గుమ్మములో నిలిపి కులగోత్రములెత్తి తిట్టుట వలన ప్రయోజనము లేదు. ఆ వేళ వాని మెదడునకు మాట ఎక్కదు. ఇరుగుపొరుగు చెవికి మాత్రము ఎక్కును. "లోపలికి రా నాన్నా, పడుకో, పొద్దున మాట్లాడుకుందాం" అన్న తల్లి ఓడిపోయినది కాదు. మాటలాడవలసినది మరునాడు, వాడు తేరుకొన్న పిమ్మట, ఇంకెవ్వరును లేనపుడు. ఎవరితో త్రాగితివని గద్దించుటకంటె ఎందులకు త్రాగవలసివచ్చినదని అడిగిన తల్లిదండ్రులకు నిజము తెలియును. మార్కులు తగ్గుట, చేతి డబ్బు లెక్కకు రాకుండుట, పాత స్నేహితులను విడిచి కొత్తవారితో తిరుగుట, మాటిమాటికి కసరుకొనుట ముందుగా కనబడు గురుతులు.

అలవాటు ముదిరినవానిని నేటినుండి చుక్క ముట్టరాదని గదిలో పెట్టి తాళము వేయుట ప్రమాదకరము. నిత్యము అతిగా త్రాగువాడు హఠాత్తుగా మానినచో వణకు, మూర్ఛలు, సన్నిపాతము వచ్చి ప్రాణముమీదికి రావచ్చును. మాన్పించుట వైద్యుని పర్యవేక్షణలో జరుగవలెను. ఎంతవరకు ముదిరినదో తెలిసికొనుటకు ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేయించిన పది ప్రశ్నల పట్టిక వైద్యుల వద్ద ఉండును. అయిదు నిమిషముల పని. కేంద్రప్రభుత్వపు మత్తువిముక్తి సహాయ సంఖ్య 14446. మనోవ్యాధులకు సలహానిచ్చు టెలీ మానస్ సంఖ్య 14416. దానిలో తెలుగున మాటలాడవచ్చును. పరువు పోవునని దాచిన ఇండ్లలో పరువుతోపాటు పిల్లవాడును పోయిన సందర్భములు కలవు.

తల్లి, తండ్రి, ఉపాధ్యాయుడు, వైద్యుడు ఎవ్వరును లేని గది ఒకటి మిగిలియుండును. నలుగురు స్నేహితులు, నాలుగు గ్లాసులు. అందులో ఒకడు గ్లాసును ముట్టక చేయి వెనుకకు తీసికొనును. మిగిలినవారు "మగాడివేనా?" అని నవ్వుదురు. వాని రాబోవు పదేండ్ల జీవితము ఆ నవ్వు నిలుచునంతసేపు త్రాసులో ఊగులాడును. ఆ సమయమున పక్కనున్నవాడు, తాను త్రాగుచున్నవాడే యైనను, "వాడొద్దంటున్నాడుగా, వదిలేయండిరా" అని ఒక్క మాట అన్నచో నవ్వు ఆగిపోవును. దూబగుంటలో అంగడి మూయించుటకు ఊరి స్త్రీలందరును కదలవలసివచ్చినది. ఈ గదిలో ఆ ఒక్కడు చాలును.